మగ్గాల మధ్య మడమలెత్తించిన శస్త్రవైద్యురాలు

1996 జూలై ఒకటో తేదీ, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు, డాక్టర్ పద్మారాణి గారు సూరత్ నగరం ఉధ్నాలోని మా శ్రమజీవి ట్రస్టు ఆసుపత్రిలో సహాయ శస్త్రవైద్యురాలిగా విధుల్లో చేరారు. ఆ రోజు జోరుగా వాన కురుస్తోందనీ, ఆటో దొరకక ఆమె స్టేషను నుంచి నడుచుకుంటూ వచ్చారనీ, హాజరు పట్టీలో సంతకం పెట్టేటప్పుడు చీర కుచ్చెళ్ల నుంచి కారిన నీళ్లకు గుమాస్తా గారు గొణిగారనీ నాటి సిబ్బందిలో మిగిలిన ఒకరిద్దరు ఇప్పటికీ చెబుతారు. ఇరవై తొమ్మిది సంవత్సరాల నిరంతర సేవ అనంతరం, విభాగాధిపతి హోదాలో, ఈ 2025 జూన్ ముప్పైన వారు పదవీ విరమణ చేస్తున్న సందర్భంగా, వారి వృత్తి జీవితాన్ని తెలిసినంత మేరకు ఈ పుటల్లో పొందుపరచడం మా కర్తవ్యంగా భావిస్తున్నాము.

పద్మారాణి గారు కరీంనగర్ జిల్లా మెట్‌పల్లిలో నేత కుటుంబంలో జన్మించారు. తాతగారు చేనేత మగ్గం నేశారు. తండ్రిగారు తపాలా కార్యాలయంలో పనిచేశారు. వరంగల్‌లో వైద్యవిద్యనూ, శస్త్రచికిత్సలో ఉన్నత విద్యనూ పూర్తిచేసి, వివాహానంతరం భర్త రవీంద్ర గారికి సూరత్‌లోని ఒక రంగుల అద్దకం మిల్లులో రసాయన నిపుణుడిగా ఉద్యోగం రావడంతో వారితో పాటు ఈ నగరానికి వచ్చారు. "నేత వదిలి చదువుకున్న. చదివినంక నేతగాళ్ల ఊరికే వచ్చిన," అని ఆమె నవ్వుతూ అనేవారు.

ఆ రోజుల్లో శస్త్రచికిత్స విభాగం ముందు బల్లల మీద కూర్చునే వారిలో సగం మంది తెలంగాణ నుంచి వలస వచ్చిన మర మగ్గాల కార్మికులే. ఆ మగ్గాలను మనవాళ్లు సాంచెలు అంటారు. పన్నెండు గంటల పాలీ, అంటే షిఫ్టు, నిలబడి చేసి చేసి వారి పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బేవి. కొందరికి చీలమండ పైన చర్మం నల్లబడి, మానని పుండ్లు పడేవి. ఉబ్బిన సిరలను తొలగించే శస్త్రచికిత్సలో పద్మారాణి గారు అనతికాలంలోనే నిపుణురాలిగా పేరు గడించారు. అంతకన్నా ముందు మరొక విషయంలో పేరు వచ్చింది. అప్పటి వరకు వైద్యులు రాసే చీటీలు మందుల దుకాణం వాడికి తప్ప మరెవరికీ అర్థమయ్యేవి కావు. ఆమె ఇంటికి వెళ్లేవారికి పాటించవలసిన జాగ్రత్తలను గుండ్రని అక్షరాలతో తెలుగులో రాసి ఇచ్చేవారు. ఆ చీటీలను మనవాళ్లు ఇంట్లో దేవుడి పటం వెనుక దాచుకునేవారు. డాక్టరమ్మ తెలుగులో రాసిందంటే దాన్ని మరొకరు ప్రశ్నించేవారు కారు.

ఆ చీటీయే ఒకసారి పెద్ద ముప్పు తెచ్చింది. ఆ సంగతిని దాచవద్దని, రాస్తే ఉన్నది ఉన్నట్టు రాయమని పద్మారాణి గారే కోరినందున ఇక్కడ వివరంగా రాయడమైనది.

1998 మార్చిలో లక్ష్మీరాజం గారు అనే ముప్పై ఆరేళ్ల సాంచెల కార్మికుడికి ఆమె కుడికాలి సిరల శస్త్రచికిత్స చేశారు. చీలమండ పైన పుండు ఇంకా రూపాయి బిళ్లంత మిగిలి ఉండగా, కట్టు కట్టి ఇంటికి పంపారు. చీటీలో మందుల తర్వాత, అందరికీ రాసినట్టే, "ప్రతిరోజూ తప్పకుండా ఒక గంట నడవాలి" అని రాశారు. నడక మేలు చేస్తుందని పుస్తకాలు చెబుతాయి. ఆమె కూడా మనస్ఫూర్తిగా నమ్మారు.

ఏప్రిల్ చివరి వారంలో ఆయన భార్య ప్రమీల గారి భుజం పట్టుకుని తిరిగి వచ్చారు. పుండు అరచేయంత తెరుచుకుని ఉంది. చుట్టూ ఎరుపు పిక్క మీదికి పాకుతోంది. జ్వరం నూట మూడు.

"కట్టు తడిపిండ్రా? మందులు ఆపేసిండ్రా?" అని డాక్టరు గారు కొంచెం కోపంగానే అడిగారు.

"లేదు మేడం. అన్ని మీరు రాసినట్టే జేసిన," అంటూ లక్ష్మీరాజం గారు చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన చీటీ తీసి చూపించారు.

"ఏం జేసిండో నేను చెప్త మేడం," అన్నారు ప్రమీల గారు. "పన్నెండు గంటలు సాంచెల నడుమ తిరిగొస్తడు. పాలీ దిగినంక బువ్వన్న తినకుండ, గా రబ్బరు చెప్పులతోని మళ్ల నడుసుకుంట పోతడు. గంట అయినంకనే వస్తడు. పట్టీ చెప్పు రాసుకొని రకుతం కారుతున్నా ఆగడు. ఇదేం నడకనయ్యా అంటే, 'డాక్టరమ్మ తెలుగుల రాసింది, నీకేం దెలుసు' అని నా మీదికే లేస్తడు."

"ముప్పై నాలుగు రోజులు మేడం," అన్నారు లక్ష్మీరాజం గారు, అంత జ్వరంలోనూ కాస్త గర్వంగా. "ఒక్క రోజు గూడ తప్పలే."

మాట విననివారిని మందలించడం పద్మారాణి గారికి వచ్చు. అక్షరం పొల్లుపోకుండా విన్న మనిషి ముందు ఏం చేయాలో ఏ గురువూ నేర్పలేదు. ఆయన ఎన్ని సాంచెలు చూస్తారు, ఎన్ని గంటలు నిలబడతారు, ఏ చెప్పులు వేసుకుంటారు అన్నది కాలు కోసే ముందు గానీ, కుట్టిన తర్వాత గానీ తాను ఒక్కసారీ అడగలేదన్న సంగతి అప్పుడే ఆమెకు తట్టింది.

నాటి విభాగాధిపతి డాక్టర్ వెంకటాచలం గారు కాలును పరీక్షించి, పిక్క మీద ఎరుపు ఆగిన చోట పెన్నుతో అడ్డంగా ఒక గీత గీశారు. "మందులు మొదలుపెట్టండి. ఎరుపు ఈ గీత దాటి మోకాలి వైపు వెళితే మాత్రం ఆలోచించడానికి వ్యవధి ఉండదు, పద్మారాణి గారూ. మనిషి దక్కాలంటే కాలు తీసేయాలి," అన్నారు. ప్రమీల గారు ఆ మాట విన్నారు. సాంచెల ముందు నిలబడే మనిషికి కాలు పోతే ఏమవుతుందో ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

కుళ్లిన కండను పద్మారాణి గారే శుభ్రం చేశారు. పూటకు మూడు సార్లు వచ్చి ఆ గీతను చూశారు. మొదటి రోజు ఎరుపు గీతను తాకింది. రెండో రోజు అక్కడే ఉంది. మూడో రోజు ఉదయం రెండు వేళ్ల మందం కిందికి దిగింది. ప్రమీల గారు గీత మీద వేళ్లు పెట్టి తానూ కొలిచి చూసుకున్నారు. ఆ తరువాత తొడ నుంచి చర్మం తీసి పుండుకు అతికించారు. కాలు ప్రస్తుతానికి దక్కింది.

ప్రస్తుతానికి అని ఎందుకు అనవలసి వచ్చిందంటే, లక్ష్మీరాజం గారికి వేరే పని రాదు. కాలు మానిన తర్వాత ఆయన వెళ్లేది తిరిగి తాను చూసే ఎనిమిది సాంచెల మధ్యకే. అక్కడ మళ్లీ రక్తం పాదాల్లోకి దిగి నిలిచిపోతే, ఆ పలుచని కొత్త చర్మం ఎంతకాలం ఆగుతుంది? "అక్కడ మీరు పొద్దంత ఎట్ల నిలవడ్తరో చెప్పుండ్రి," అని డాక్టరు గారు అడిగితే, ఆయన చాలాసేపు చేతులు తిప్పి చూపించి, చివరకు విసుగొచ్చి, "ఎట్ల చెప్పాలె మేడం, గది చెప్తె తెలిసేది గాదు. వచ్చి సూడుండ్రి," అన్నారు.

ఆమె నిజంగానే వెళ్లారు. మే నెలలో ఒక రోజు సెలవు పెట్టి, ఉదయం ఏడు గంటలకు కార్ఖానాలో అడుగుపెట్టారు. లక్ష్మీరాజం గారి సాంచెలను అప్పుడు ఆయన మిత్రుడు దశరథం గారు చూస్తున్నారు. దశరథం గారికి ఎగతాళి ఎక్కువ.

"డాక్టరమ్మా, గీ చప్పుడుల మీ మాట నాకు ఇనవడది. మీరు సైగ జెయ్యుండ్రి, నేను అర్థమైనట్టు తలకాయ ఊపుత," అన్నారు.

పద్మారాణి గారు ఆయన వెనకాలే నిలబడి, ఆయన వేసిన అడుగు తాను వేశారు. పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో దారం కండె అయిపోతే సాంచె ఆపి కొత్త కండె పెట్టాలి. దారం తెగితే ముడి వేయాలి. ఈలోగా పక్క సాంచె పిలుస్తుంది. సన్నని సందులో అటు రెండు అడుగులు, ఇటు మూడు అడుగులు, అన్నీ పక్కకు జరిగే అడుగులే. మధ్యాహ్నం రెండు గంటలకు ఆమె కాళ్లు ఉబ్బి చెప్పు పట్టీ బిగిసిపోయింది. అప్పుడు గమనించారు: ఇంతసేపట్లో తన మడమ ఒక్కసారైనా నేల విడిచి పూర్తిగా పైకి లేవలేదు. పిక్క కండరం గట్టిగా బిగిస్తేనే పాదంలో నిలిచిన రక్తం పైకి ఎక్కుతుంది. ఇక్కడ రోజుకు వేల అడుగులు పడుతున్నాయి. ఆ కండరం మాత్రం రోజంతా నిద్రపోతోంది. అలసిన ఆ కాలితోనే మరో గంట, రాసుకునే చెప్పులతో, రోడ్డు మీద తిరగమని తాను చీటీ రాసి ఇచ్చారు.

ఆమె అక్కడే, రెండు సాంచెల మధ్య, చీర కొంగు బిగించి, మునివేళ్ల మీద లేచి దిగారు. పది సార్లు. "కండె మార్చినప్పుడల్లా ఇట్ల పది సార్లు చెయ్యుండ్రి," అని దశరథం గారికి సైగ చేశారు. ఆయన ఈసారి తల ఊపలేదు. ఆమెను దగ్గరికి రమ్మని, చెవిలో గట్టిగా అరిచి చెప్పారు.

"ఎనిమిది సాంచెలు మేడం! అన్నిటికి ఎత్తితే నేను పొద్దంత గాల్లనే ఉంట. ఇగ కండెలు ఎవలు మారుస్తరు, మీరా?"

పద్మారాణి గారు నవ్వు ఆపుకోలేకపోయారు. కాసేపు ఇద్దరూ వేళ్ల మీద లెక్క చూసుకున్నారు. మొదటి సాంచెలో కండె మారినప్పుడు మాత్రమే పది సార్లు మడమలెత్తాలి. మిగిలిన ఏడింటినీ వదిలేయాలి. భోజనం వేళ పావుగంట సేపు నేల మీద పడుకుని కాళ్లను నూలు మూటల మీద పెట్టాలి. పట్టీ చెప్పులు మానాలి. ఆ రోజు తేలినది ఇంతే. వైద్య గ్రంథాల్లో ఈ వ్యాయామం ఎప్పటి నుంచో ఉంది. దాన్ని మొదటి సాంచె కండెకు ముడివేసిన ఘనత మాత్రం వీరిద్దరిదే.

కార్ఖానా యజమాని సేఠ్‌కు ఇది నచ్చలేదు. వరుసగా మనుషులు లేస్తూ దిగుతూ ఉండడం చూసి, "బెన్, ఆ అఖాడో నథీ, కార్ఖానూ ఛే," అన్నారు. ఇది కసరత్తులు చేసే తాలీంఖానా కాదమ్మా, కార్ఖానా అని. పరధ్యానంలో తెగిన దారం చూడకపోతే బట్ట చెడిపోతుందన్నది ఆయన భయం. నెల రోజులు చూడండి, బట్ట చెడితే నేనే వచ్చి ఆపిస్తాను అని పద్మారాణి గారు మాట ఇచ్చారు. ఆ నెల రోజుల్లో ఆమె ఆరు సార్లు వెళ్లారు. మొదట్లో కార్మికులు సిగ్గుపడేవారు. ఒకరు మడమ ఎత్తితే పక్కవారు ఈల వేసేవారు. "మడమల డాక్టరమ్మ వచ్చింది, లేవుండ్రిరా" అని దశరథం గారు అరిచేవారు. నెల తిరిగేసరికి బట్ట చెడలేదు. కాళ్ల నొప్పులతో మధ్యలో పాలీ వదిలి వెళ్లేవారు తగ్గారు. సేఠ్ తానే ఇంకో నాలుగు నూలు మూటలు భోజనాల చోట వేయించారు.

లక్ష్మీరాజం గారు ఆగస్టులో పనిలోకి వెళ్లారు. మొదటి వారం ఆయన కంటే పద్మారాణి గారికే ఎక్కువ భయం. ప్రతి ఆదివారం ఆయన వచ్చి కట్టు విప్పేవారు. ఆమె కింద కూర్చుని, చర్మం రంగు చూసి, వేలితో నొక్కి వాపు చూసి, "ఇంకో వారం," అనేవారు. వారాలు నెలలయ్యాయి. ఏడాది తిరిగింది. పుండు మళ్లీ తెరుచుకోలేదు.

అప్పటి నుంచి వారి వైద్య విధానంలో వచ్చిన మార్పు మా ఆసుపత్రి కాగితాల మీదే కనిపిస్తుంది. 2001లో శస్త్రచికిత్స విభాగపు కేసు పత్రంలో, రోగి బాధ ఏమిటన్న గడికి పైన, ఆమె మరొక గడి ముద్రింపజేశారు: "రోజంతా మీ కాళ్లు ఏం చేస్తాయి?" ఇది వైద్యానికి సంబంధించిన ప్రశ్న కాదని కొందరు సహచరులు అభ్యంతరం చెప్పారు. ఓపీలో వరుస పొడవైపోతుందని నర్సులు విసుక్కున్నారు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. ఆ గడి నింపని పత్రాన్ని మాత్రం తిప్పి పంపేవారు. నగరంలోని వరాఛా ప్రాంతంలో వజ్రాలు సానబట్టేవారు పొద్దంతా కూర్చునే ఉంటారు. వారికి నడక రాసి ఇచ్చారు. ఇంట్లో చీరలకు రాళ్లు అంటించే ఆడవారికి గంటకోసారి లేచి నీళ్లు తెచ్చుకోమని, బిందె దూరంగా పెట్టుకోమని చెప్పారు. శారీరక శ్రమ అందరికీ అవసరమని ఊరంతా చెబుతారు. ఎవరికి ఏ శ్రమ తక్కువైందో అడిగి చెప్పడం వీరి ప్రత్యేకత.

2009లో వారు విభాగాధిపతి అయ్యారు. తరువాతి కాలంలో నగరం వెలుపల జోల్వా వైపు కొత్త కార్ఖానాలు వెలిసి, నాడె లేని యంత్రాలు వచ్చాయి. నాడె లేనప్పుడు కండె లేదు. కండె లేనప్పుడు మడమలెత్తే వేళ ఎలా తెలియాలి? యాభై దాటిన వయసులో ఆమె మళ్లీ ఒక పాలీ అంతా నిలబడి చూశారు. దారం తెగితే ఆ యంత్రాల మీద దీపం వెలుగుతుంది. ముడి వేసి, యంత్రాన్ని నడిపించి, దీపం ఆరాక పది సార్లు అని అక్కడ ఏర్పాటు చేశారు. విభాగంలో కొత్తగా చేరే ప్రతి వైద్యుడూ తొలి ఓపీకి ముందు ఒక పాలీ కార్ఖానాలో నిలబడాలన్న నియమాన్ని కూడా వారే పెట్టారు. 2019లో హైదరాబాదు నుంచి వచ్చిన డాక్టర్ ప్రణయ్ గారు ఆ సాయంత్రం బూట్లు విప్పలేక, ఇద్దరు వార్డు సహాయకుల చేత లాగించుకున్నారు. ఇప్పుడు ఆ విభాగ బాధ్యతలు స్వీకరించబోతున్నది వారే.

ఈ ప్రయాణమంతటిలో, సెలవు రోజుల్లో కూడా కార్ఖానాల బయట స్కూటరు మీద కూర్చుని పత్రిక చదువుకుంటూ ఎదురుచూసిన రవీంద్ర గారి సహనాన్ని స్మరించకపోతే ఈ వ్యాసం అసంపూర్ణమవుతుంది.

ఇరవై ఏడేళ్లుగా ఏటా జూన్ నెలలో లక్ష్మీరాజం గారు వచ్చి కాలు చూపించి వెళుతున్నారు. ఈ జూన్ మొదటి వారంలోనూ వచ్చారు. పద్మారాణి గారు ఎప్పటిలాగే కింద కూర్చుని చీలమండ చుట్టూ నొక్కి చూశారు.

"వచ్చే యేడు ఎవలకు జూపియ్యాలె మేడం?" అని ఆయన అడిగారు.

"ప్రణయ్ గారున్నరు."

"ఆయన పిలగాడు. ఈ కాలు సంగతి ఆయనకేం దెలుసు?"

"అప్పుడు నాకేం తెలుసు?" అన్నారు పద్మారాణి గారు. "తెలియకనే గద అట్ల రాసిన. మీరు చెప్పినంకనే తెలిసింది. ఆయనకు గూడ చెప్పుండ్రి."

లక్ష్మీరాజం గారు పక్క గదిలోకి వెళ్లి ప్రణయ్ గారి ముందు కుర్చీలో కూర్చుని, ప్యాంటు మోకాలి దాకా మడిచి, "ఇగో సారూ, గిది 1998ల ముచ్చట," అని మొదలుపెట్టారు. అరగంట గడిచినా బయటికి రాలేదు. వరుసలో ఉన్నవాళ్లు తలుపు తట్టారు. లోపలి నుంచి ఆయన గొంతే వినిపించింది: "ఆగుండ్రి జర, ఇంక గీత కాడికే రాలే!"

సన్మాన సభ మూడో అంతస్తులో. ఆహ్వాన పత్రిక ఇవ్వడానికి వెళ్లిన నర్సు హిమశ్రీ గారు, "కాకా, లిఫ్టు ఉన్నది, ఎక్కి రా," అని చెబితే, అరవై మూడేళ్ల లక్ష్మీరాజం గారు పత్రికను తిరగేసి చూసి, "పిలిచింది నన్నొక్కన్నే గాదు బిడ్డా, ఈ కాలును గూడ. లిఫ్టుల వస్తే మేడంకు నేనేం జూపియ్యాలె?" అన్నారట. కనుక, ఈ సంచిక మీ చేతికందే వేళకు ఆయన మెట్ల మీద ఉంటారు. దయచేసి దారి ఇవ్వండి.

ఎందరి కాళ్లనో నేల మీద నిలిపిన డాక్టర్ పద్మారాణి గారు ఇకపై తమ కోసం, తమకు నచ్చిన దారుల్లో, తొందర లేని అడుగులతో, రవీంద్ర గారితో కలిసి చాలా ఏళ్లు నడవాలనీ, ఆ నడకలో మోకాళ్ల నొప్పి గానీ, ఆయాసం గానీ వారిని నిలపకూడదనీ, నిండు ఆరోగ్యంతో నూరేళ్ల వయసులోనూ మునివేళ్ల మీద లేచి పై అరలోని డబ్బా తామే అందుకోవాలనీ ఆసుపత్రి సిబ్బంది అందరమూ మనసారా కోరుకుంటున్నాము.